పదిహేడో నంబరు గొంతు

బుధవారం మధ్యాహ్నం ఒంటిగంట పది. డాక్టర్ విర్హిలియో మొంతెసా తన గది తలుపు తానే తీసి, కుర్చీ తానే జరిపి, కాఫీ తానే పోశాడు. దాచుకోవడానికి ఏమీ లేని మనిషి ఇంత మర్యాద చెయ్యడని కారిదాద్ పల్మారెస్‌కు ముప్పయ్యేళ్ల అనుభవం. పోలీసు ఇన్‌స్పెక్టర్‌గా రిటైరై, ఇప్పుడు సొంతంగా పరిశోధనలు చేసుకుంటున్న ఈ యాభైఎనిమిదేళ్ల మనిషిని ఇలోయిలో ఊళ్లో చిన్నా పెద్దా అందరూ మనాంగ్ కారింగ్ అంటారు. మనాంగ్ అంటే అక్క. దొంగలు కూడా అలాగే పిలిచేవాళ్లు, కాకపోతే కాస్త దూరం నుంచి.

"పంచదార ఎన్ని చెంచాలు మనాంగ్?" అన్నాడు మొంతెసా.

"వద్దు డాక్. తియ్యటి మాటలున్నాయిగా, చాలు."

ఆయన పగలబడి నవ్వాడు. నలభై ఏళ్లుగా జనాన్ని నిద్రపుచ్చిన గొంతు అది. బాందోలా మెమోరియల్ ఆసుపత్రిలో మత్తు విభాగానికి ఆయనే పెద్ద.

కేసు ఇది. ఎనిమిది రోజుల కిందట, మంగళవారం, ఈ ఆసుపత్రిలోనే క్రిస్పులో అనే మామిడితోట కాపలాదారుకి దవడ కింద గడ్డ తీసే ఆపరేషన్ జరిగింది. మధ్యలో సర్జన్ తల పక్కకు తిప్పేసరికి రోగి గొంతులో ఉన్న శ్వాసగొట్టం జారి బయటికొచ్చేసింది. వాచిపోయిన గొంతులోకి అది మళ్లీ దిగలేదు. మాస్కు పెట్టి ఊదినా గాలి లోపలికి పోలేదు. అక్కడున్న ట్రైనీ మత్తు డాక్టర్ జెర్లిన్ తుబాంగ్ మెడ మీద కత్తి పెట్టి, శ్వాసనాళానికే దారి చేసి గాలి పంపింది. మనిషి బతికాడు. కళ్లు తెరిచాడు, కూతుర్ని గుర్తుపట్టాడు. మాట మాత్రం ఇంకా రాలేదు.

పెద్ద డాక్టరు లేకుండా, ఎవరినీ అడక్కుండా, ఆ పిల్లే మత్తిచ్చి రాని విద్యతో మెడ కోసిందని ఆసుపత్రి అంటోంది. మత్తిచ్చిందీ, గొట్టం వేసిందీ మొంతెసాయేననీ, "అరగంటలో వచ్చేస్తా" అని మధ్యలో వెళ్లిపోయాడనీ జెర్లిన్ అంటోంది. రికార్డులో ఉన్నది ఆమె సంతకం ఒక్కటే. సర్జన్‌ని అడిగితే, తెర అవతల మత్తు ఎవరు చూస్తున్నారో తను గమనించలేదన్నాడు. నర్సు సెలవు పెట్టి ఊరెళ్లిపోయింది. రేపు ఉదయం తొమ్మిదింటికి ప్రాసిక్యూటర్ ముందు విచారణ. అక్కడ ఓడిపోతే జెర్లిన్ డాక్టరుగిరీ అక్కడితో సరి, జైలు కూడా తప్పకపోవచ్చు. ఆమె తల్లి వచ్చి కారింగ్ రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. కారింగ్‌కి ఏడుపులంటే గిట్టవు కాబట్టి వెంటనే ఒప్పుకుంది.

"పోయిన మంగళవారం ఎక్కడున్నారు డాక్?"

"శిక్షణలో. మా మత్తు డాక్టర్ల సంఘం హాల్లో. పొద్దున్నుంచి సాయంత్రం దాకా." బల్ల సొరుగులోంచి ఓ కాగితం తీశాడు. "ఇదిగో వేలిముద్రల పట్టిక. ఏడూ యాభైరెండు, ఒంటిగంటా నాలుగు, అయిదూ పదకొండు. యంత్రం అబద్ధమాడదు కదా మనాంగ్?"

"ఆడదు. అడిగినదానికే జవాబు చెబుతుంది కూడా."

"మూడేళ్లకోసారి లైసెన్సు తిరిగి ఇవ్వాలంటే ఇన్ని పాయింట్ల శిక్షణ చూపించాలి. వైద్యం మారిపోతుంటుంది. మనమూ మారకపోతే పేషెంటే నష్టపోతాడు. నేను ఒక్క ఏడాది కూడా ఎగ్గొట్టలేదు." గోడ వైపు చెయ్యి చూపించాడు. అద్దాల ఫ్రేముల్లో సర్టిఫికెట్లు వరసగా ఉన్నాయి. నడిమధ్య ఉన్నదానికి బంగారు అంచు. "నిరుడు ఫస్టు వచ్చాను. కుర్రవాళ్లని కూడా దాటేసి!"

"దేంట్లో?"

"గొట్టం దిగనప్పుడు మెడ దగ్గర దారి చెయ్యడంలో. పంది గొంతుల మీద నేర్పుతారు."

"ఎలా చేస్తారో కొంచెం చూపించండి డాక్. నాలాంటి మొద్దుకి అర్థమయ్యేటట్టు."

అడగడమే ఆలస్యం. ఎడమచేత్తో గాలిలో ఒక మెడను పట్టుకున్నాడు, కుడిచేత్తో పెన్ను పుచ్చుకున్నాడు. ఒక్క పోటు, ఒక్క తిప్పు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. కారింగ్ తల ఊపింది.

"ఇంకొకటుంది," అన్నాడు మొంతెసా, ఇక పేకాట ముగించేద్దాం అన్నంత ధీమాగా. ఓ పెద్ద ఫొటో తీసి ఆమె ముందు పెట్టాడు. బ్యానరు కింద డాక్టర్లందరూ మూడు వరసల్లో ఉన్నారు. మూల మీద తేదీ, సమయం అచ్చయి ఉన్నాయి: రెండున్నర. "ఆ పిల్ల మెడ కోసింది రెండూ ముప్పై ఒకటికి. మత్తు యంత్రం అచ్చేసిన కాగితమే చెబుతోంది. ఒక్క నిమిషం ముందు నేను ఇక్కడున్నాను, ముందు వరసలో, నవ్వుతూ."

కారింగ్‌కి ఫొటోని కింది నుంచి పైకి చూసే అలవాటు. ముఖం ఎలా పెట్టాలో అందరికీ తెలుసు, కాళ్ల సంగతి ఎవరికీ గుర్తుండదు. ముందు వరసలో కుర్చీల్లో ఎనిమిది మంది కూర్చుని ఉన్నారు. ఏడుగురికి మెరుగు పెట్టిన బూట్లు, మడమజోళ్లు. ఎనిమిదో మనిషికి, చక్కటి సూటు ప్యాంటు కింద, తెల్ల రబ్బరు జోళ్లు. వాటి ముందు భాగాన ఎర్రరంగుతో ఏదో అంకె.

ఆ ఎనిమిదో మనిషి మొంతెసా.

"ఇది నేను తీసుకెళ్లొచ్చా డాక్?"

"తప్పకుండా. పది కాపీలు తీయించుకోండి."

"ఒక్కటి చాలు," అంది కారింగ్. ఫొటోని పసిబిడ్డని ఎత్తుకున్నంత జాగ్రత్తగా సంచిలో పెట్టుకుంది.

*

ఆసుపత్రి గేటు దగ్గర టాక్సీ ఎక్కినప్పుడు టైము ఒంటిగంటా నలభై ఏడు. సంఘం హాలు ముందు దిగేసరికి రెండూ మూడు. పదహారు నిమిషాలు. కారింగ్ చిన్న నోటుపుస్తకంలో రాసుకుంది.

శిక్షణ చూసే డాక్టర్ సొఫ్రోనియా ఇలాదో అరవై దాటిన మనిషి. పొట్టిగా, బిగువుగా ఉంటుంది. పలకరింపుల మీద నిమిషం కూడా వృథా చెయ్యదు.

"రేపు విచారణ అని విన్నాను. ఏం కావాలి?"

"మీ శిక్షణ ఎలా జరిగిందో చూడాలి డాక్. మాటల్లో కాదు, కళ్లతో."

వెనక గది చల్లగా ఉంది. పొడవాటి స్టీలు బల్ల, దాని మీద ఇరవై నాలుగు మేకులు కొట్టిన చెక్కపలక, మూలగా ఓ పెద్ద ఫ్రీజరు.

"ఒక్కో డాక్టరుకి ఒక నంబరు, ఒక పంది గొంతు. పైన చర్మం కుట్టి ఇస్తాం, మెడలాగే ఉంటుంది. వాళ్లు వేళ్లతో తడిమి సరైన చోటు కనుక్కుని కొయ్యాలి. పుస్తకంలో చదివినది ఆ నిమిషంలో చేతికి రాదు మనాంగ్. పేషెంటు నీలంగా మారిపోతుంటే మెదడు పనిచెయ్యదు, చేతికి అలవాటైనదే పనిచేస్తుంది. అందుకే ఏడాదికోసారి చేయిస్తాను."

"కోసినవి ఏం చేస్తారు?"

"కాల్చేస్తాం. కొయ్యనివి దాస్తాం, వచ్చే నెల నర్సుల శిక్షణకి పనికొస్తాయి. పాడవుతాయేమోనని ఎప్పుడూ రెండు ఎక్కువే తెప్పిస్తాను."

"అంటే ఇప్పుడు ఫ్రీజర్లో రెండుండాలి."

"రెండే ఉంటాయి."

"చూద్దామా?"

సొఫ్రోనియా మెడలో తాళంచెవి తీసి ఫ్రీజరు తెరిచింది. పైన ఐసు డబ్బాలు, కింద ప్లాస్టిక్ సంచులు. ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. రెండోది పెట్టింది. మూడోది పైకి తీసి అలాగే చేతిలో పట్టుకుని నిలబడిపోయింది.

దానికి దారంతో కట్టిన చీటీ ఉంది. చీటీ మీద పదిహేడు.

"ఎక్కువ తెచ్చినవాటికి నంబరు వెయ్యం," అంది మెల్లగా. గోడకున్న పట్టిక దగ్గరికి నడిచింది. వేలు కిందికి జారింది. "పదమూడు నుంచి ఇరవై నాలుగు దాకా రెండో జట్టు. ఒకటింబావు నుంచి రెండుంబావు దాకా. పదిహేడు..."

"మొంతెసా," అంది కారింగ్.

"కానీ ఇక్కడ టిక్కు ఉంది! చేసినట్టు టిక్కు పెట్టారు!"

"మీరే పెట్టారా?"

"నాకు ఇద్దరు సహాయకులున్నారు. వాళ్లలో ఎవరో..." సొఫ్రోనియా ముఖం జేవురించింది. "ఆయన దగ్గరే చదువుకున్నారు ఇద్దరూ. మా సర్ ఏరీ అని గట్టిగా అడగడానికి మొహమాటం. బయటికెళ్లి ఉంటార్లే, వస్తార్లే అని టిక్కు పెట్టి ఉంటారు. ఛీ! మొహమాటంతో మనుషుల్ని చంపేస్తాం మేం."

కారింగ్ సంచిలోంచి ఫొటో తీసి వేలితో చూపించింది. "ఈ జోళ్లు ఎక్కడివో చెప్పగలరా?"

సొఫ్రోనియా కళ్లద్దాలు పైకి నెట్టుకుంది. "ఆపరేషన్ థియేటర్ లోపల వేసుకునేవి. ముందు ఎర్ర అంకె ఉంటే బాందోలా వాళ్లవి. వీటితో గుమ్మం దాటి బయటికి రాకూడదు. బట్టలు మార్చుకునేటప్పుడే ఎవరైనా వదిలేస్తారు, మరీ తొందరలో ఉంటే తప్ప."

ఎంత తెలివైనవాడైనా కాళ్ల దగ్గర పప్పులో కాలేశాడు. కారింగ్‌కి ఆ క్షణంలో ఎంత సంతోషమేసిందంటే, బయటికి నవ్వకుండా ఆపుకోవడానికి రెండుసార్లు దగ్గింది. ఒంటిగంటా నాలుగుకి వేలిముద్ర వేసి వెళ్లాడు. మత్తిచ్చాడు. గ్రూపు ఫొటో కోసం పరిగెత్తుకొచ్చాడు. ఫొటోలో లేకపోతే పదిమందీ అడుగుతారు కదా.

"ఈ వేలిముద్ర యంత్రం ఎప్పుడు పెట్టారు డాక్?"

"ఈ ఏడాదే. ఒకరి బదులు ఒకరు వచ్చి కూర్చుంటున్నారని చెవిన పడింది. నిరుడు కాగితం మీద నంబర్లే. నేర్పడానికి సెబూ నుంచి ముగ్గురొచ్చారు, వాళ్లకి ఇక్కడి ముఖాలు తెలీవు. అందులోనూ అందరికీ టోపీలు, మాస్కులు."

"నిరుడు మొంతెసా ఫస్టు వచ్చారట. ఆ మార్కుల కాగితం ఉందా?"

ఉంది. సొఫ్రోనియా కాగితం పారేసే రకం కాదు. తొమ్మిదో నంబరు, విర్హిలియో మొంతెసా. సమయం: ముప్పై ఒక్క సెకన్లు. ఒకే కోత, తప్పు లేదు. కింద సెబూ డాక్టరు చేతిరాతలో ఓ వాక్యం: ఎడమచేతి వాటం, రోగికి కుడిపక్కన నిలబడమని చెప్పాను.

కారింగ్ రెండుసార్లు చదివింది. ఆ తర్వాత మూడోసారి ఆనందం కోసం చదివింది.

"మొంతెసాది ఎడమచేతి వాటమా?" అడిగింది సొఫ్రోనియా.

"నాకు కాఫీ పోసింది కుడిచేత్తో. గాలిలో మెడ కోసింది కూడా కుడిచేత్తోనే."

"ఏంటీ, పంది మాంసం బేరమాడుతున్నావా కారింగ్?"

గుమ్మంలో మేజర్ నార్సిసో బెర్మేహో నిలబడి ఉన్నాడు. మెడ చుట్టూ పట్టు చేతిరుమాలు కట్టుకున్నాడు. గొంతు బొంగురుగా ఉంది. ఇతను, కారింగ్ ఒకే రోజు పోలీసులో చేరారు. రేవులో దొంగసరుకు పట్టుకుంది ఆమె, పతకం తీసుకుంది అతను. ఇప్పుడు బాందోలా ఆసుపత్రికి భద్రతాధికారి. ఆసుపత్రి తరఫున ఈ కేసు నడిపిస్తున్నదీ అతనే.

"నా వెనకాలే వచ్చావా సిసో? పాత అలవాటు పోలేదన్నమాట. పని నాది, ఫొటో నీది."

"ఈ గొంతు పట్టుకుని కోర్టుకెళ్తావా? జడ్జిగారు అన్నం, పులుసు కూడా తెమ్మంటారు."

"నీ గొంతు కంటే ఇదే స్పష్టంగా మాట్లాడుతోంది."

బెర్మేహో రుమాలు సర్దుకున్నాడు. దాని కింద నిమ్మకాయంత వాపు కనిపించి మాయమైంది. "ఎగతాళి చేసుకో. శుక్రవారం పొద్దున్నే దీనికి ఆపరేషను. అప్పటికి నీ కేసు మూసేసి హాయిగా పడుకుంటాను. విను. మొంతెసా ఒక గంట శిక్షణ ఎగ్గొడితే ఏంటి? అది సంఘం చూసుకుంటుంది. ఆ రోజు ఆయన ఆసుపత్రిలో ఉన్నాడని చూపించే కాగితం నీ దగ్గరుందా?"

"జోళ్లున్నాయి."

"ఇంటి దగ్గర్నుంచే వేసుకొచ్చాడంటాడు. సరే, ఉన్నాడనే అనుకుందాం. అయినా మెడ కోసింది ఎవరు? నీ పిల్ల. నీ పిల్ల ఫైలు నా చేతిలో ఉంది. మెడ కొయ్యడంలో ఒక్క గంట, ఒక్క నిమిషం శిక్షణ లేదు. రాని పని చేసింది. ముసలాయన బతికాడంటే అదృష్టం. అదృష్టం గురించి చట్టంలో ఎక్కడా రాయలేదు కారింగ్."

దెబ్బ సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది, ఆ మాట ఒప్పుకోవాలి. కారింగ్ వారం రోజులుగా తల బాదుకుంటున్నది కూడా దాని దగ్గరే. జెర్లిన్‌ని ఎన్నిసార్లు అడిగినా, "ఎలాగో వచ్చేసింది మనాంగ్" అనేది తప్ప ఇంకో మాట లేదు.

అయితే అది పది నిమిషాల కిందటి వరకు.

బెర్మేహో మూడో సంచి మీద చెయ్యి వేశాడు. "ఇది నేను తీసుకెళ్తాను. ఆసుపత్రి డాక్టరు నంబరున్న వస్తువు."

సొఫ్రోనియా అతని చేతిలోంచి సంచి లాక్కుని, ఫ్రీజర్లో పెట్టి, తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకుంది. "నా ఫ్రీజరు, నా పంది, నా తాళం. మీకు గొంతు కావాలంటే బజారుకెళ్లండి మేజర్."

కారింగ్ మార్కుల కాగితం నకలు మడిచి సంచిలో పెట్టుకుంది. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగింది. "సిసో, నాలుగుంబావుకి ఆసుపత్రి ఎదురు బాత్చోయ్ నూడుల్స్ కొట్టుకి రా. వేడివేడిగా పులుసు పోయిస్తాను. నీ గొంతుకి మంచిది."

"లొంగిపోతున్నావా?"

"వచ్చి చూడు."

*

జెర్లిన్ తుబాంగ్ నాలుగు రోజులుగా ఆ కొట్టులోనే కూర్చుంటోంది. ఎదురుగా ఆసుపత్రి గేటు. ఆమెని లోపలికి రానివ్వొద్దని ఉత్తర్వు ఉంది. క్రిస్పులో కూతురు మధ్యాహ్నం పూట బయటికొచ్చినప్పుడు, తండ్రి ఎలా ఉన్నాడో అడిగి తెలుసుకుంటుంది. మొదటి రోజు ఆ కూతురు ముఖం మీదే తిట్టింది. నిన్న పక్కన కూర్చుని నూడుల్స్ తింది.

మూడూ నలభై. కారింగ్ ఎదురుగా కూర్చుని పలకరించకుండా చూసింది. ఇరవైతొమ్మిదేళ్ల పిల్ల, కళ్ల కింద నల్లటి చారలు. గిన్నెలో సేమ్యాలాంటి నూడుల్స్‌ని చెంచాతో కలుపుతోంది.

ఎడమచేత్తో. వారం రోజులుగా చూస్తున్న చెయ్యే అది. చూస్తూ కూడా చూడనందుకు కారింగ్ తనను తానే ఒక పచ్చి తిట్టు తిట్టుకుంది.

"ఆ రోజు పేషెంటుకి ఏ పక్కన నిలబడ్డావు?"

"కుడిపక్క. ఎందుకు మనాంగ్?"

"అక్కడే నిలబడమని ఎవరు చెప్పారు?"

చెంచా ఆగిపోయింది.

కారింగ్ మార్కుల కాగితం విప్పి గిన్నె పక్కన పెట్టింది. "ముప్పై ఒక్క సెకన్లు. ఒకే కోత. తప్పు లేదు. సెబూ నుంచి వచ్చినాయన మెచ్చుకుని రాశాడు. ఆ మెచ్చుకోలు ఇప్పుడు మొంతెసా గోడ మీద బంగారు ఫ్రేములో ఉంది. నీకు తెలుసా?"

జెర్లిన్ గిన్నె పక్కకి జరిపింది. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ కిందికి జారనివ్వలేదు.

"చెప్పు. తిట్టనులే."

"డాక్ పిలిచారు," అంది చివరికి. "'నాకు ఆ రోజు రెండు కేసులున్నాయి, నా బదులు నువ్వు కూర్చో, నీకూ నేర్చుకున్నట్టుంటుంది' అన్నారు. డిసెంబరులో నా కోర్సు పూర్తయినట్టు సంతకం పెట్టాల్సింది ఆయనే మనాంగ్. వద్దని ఎలా అంటాను? ట్రైనీలకి ఆ శిక్షణలో చోటివ్వరు. ఎవరి బదులో కూర్చుంటే తప్ప మాకు కత్తి చేతికి రాదు. ఆయన నంబరు గుండెకి తగిలించుకున్నాను, మాస్కు పెట్టుకున్నాను. చేశాను. నాకు... నాకు చాలా నచ్చింది. ఆ రాత్రంతా దిండు మీద వేళ్లతో తడుముతూనే ఉన్నాను."

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"చెబితే? దొంగ హాజరు. దానికి వేరే కేసు. చెప్పకపోతే ఈ కేసొక్కటే అనుకున్నాను."

కారింగ్‌కి కోపం ముంచుకొచ్చింది. ఈ పిల్ల మీద కాదు. ఒకడు నేర్చుకోకుండానే పేరు గోడకెక్కించుకున్నాడు. ఇంకొకతె పేరు లేకుండా నేర్చుకుని ఒక ప్రాణం నిలబెట్టింది. ఆ పేరున్నవాడు ఈ పేరులేనిదాన్ని పట్టుకుని "రాని విద్య" అంటున్నాడు.

"ఇటు చూడు జెర్లిన్. నిరుడు నువ్వు ఆ హాలుకి వెళ్లి ఉండకపోతే ఏమయ్యేది?"

"క్రిస్పులో పెద్దాయన చచ్చిపోయేవాడు. అయిదు నిమిషాల్లో."

"ఈ మాట రేపు తొమ్మిదింటికి ఇలాగే చెప్పు. దొంగ హాజరుకి తిట్లు పడతాయి, శిక్షా పడొచ్చు. అది నువ్వు చేసిన తప్పు, భరించు. చెయ్యని తప్పు మాత్రం భరించకు. దాన్ని నేను భరించనివ్వను."

జెర్లిన్ ముఖం తుడుచుకుంది. తల ఊపింది. తర్వాత గొంతు తగ్గించి, "నేనొక్కదాన్నే కాదు మనాంగ్," అంది.

"అంటే?"

"నిరుడు ఆ హాల్లో ఇరవై నాలుగు మంది. మాస్కుల వెనక మాకు మేం తెలుసు కదా, కళ్లు చూసి నవ్వుకున్నాం. పదకొండు మంది ట్రైనీలమే. పదకొండు మంది పెద్ద డాక్టర్ల బదులు."

పదకొండు మంది. ఊళ్లోని ఆసుపత్రుల్లో రోజూ మనుషుల్ని నిద్రపుచ్చుతున్న పదకొండు మంది. చేతిలో సర్టిఫికెట్ ఉంది, చేతికి అలవాటు లేదు.

"పేర్లు రాసివ్వు," అంది కారింగ్. జెర్లిన్ బిల్లు కాగితం వెనక్కి తిప్పి, ఎడమచేత్తో రాయడం మొదలుపెట్టింది. మొదటి పేరు మొంతెసా.

*

నాలుగూ పదహారుకి బెర్మేహో వచ్చాడు. జెర్లిన్ లేచి వెళ్లబోతే కారింగ్ భుజం నొక్కి కూర్చోబెట్టింది.

"పులుసు చెప్పనా సిసో?"

"ముందు లొంగుబాటు."

కారింగ్ మార్కుల కాగితం చూపించింది, జెర్లిన్ ఎడమచెయ్యి చూపించింది, జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పింది. బెర్మేహో చెడ్డవాడే గానీ మొద్దు కాదు. మధ్యలో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పదకొండు పేర్ల కాగితం చేతికిచ్చాక మాత్రం మొదటి పేరు దగ్గరే ఆగిపోయాడు.

"అంటే మొంతెసా నిరుడు నేర్చుకోలేదు," అన్నాడు.

"లేదు."

"ఈ ఏడాది?"

"ఫ్రీజరు దగ్గర చూశావుగా. పదిహేడో నంబరు మీద గీత కూడా పడలేదు. నువ్వే దాన్ని ఎత్తుకుపోబోయావు."

బెర్మేహో చెయ్యి దానంతట అదే మెడ మీది రుమాలు దగ్గరికి వెళ్లింది. గుటక మింగాడు. ఆ గుటక మింగడం కష్టంగా ఉందని ముగ్గురికీ తెలిసింది.

"శుక్రవారం నీకు మత్తిచ్చేది ఎవరు సిసో?" అడిగింది కారింగ్. ఈసారి ఆమె గొంతులో ఎగతాళి లేదు.

"మొంతెసా. 'మేజర్, మిమ్మల్ని నేనే స్వయంగా చూసుకుంటా' అన్నాడు. నాకు గొప్పగా అనిపించింది." జెర్లిన్ వైపు తిరిగాడు, వారం రోజుల్లో మొదటిసారి సూటిగా. "ఇలాంటి వాపుంటే గొట్టం దిగడం కష్టమా?"

జెర్లిన్ బెదురు ఎక్కడికి పోయిందో, లేచి అతని ముందు నిలబడింది. "రుమాలు తియ్యండి సర్. నోరు బాగా తెరవండి. తల వెనక్కి. ఊఁ. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడుతుందా?"

"రెండు దిండ్లు లేకపోతే ఆడదు."

"ఈ సంగతి డాక్‌కి చెప్పారా?"

"ఆయన అడగలేదు."

జెర్లిన్ పెదవి కొరుక్కుంది. "మీ శ్వాసనాళం పక్కకి జరిగి ఉండొచ్చు సర్. స్కాన్ చూడాలి. గొట్టం దిగొచ్చు, దిగకపోనూ వచ్చు. దిగకపోతే ఏం చెయ్యాలో తెలిసినవాళ్లు మీ తల దగ్గర ఉండాలి. మధ్యలో ఎక్కడికీ వెళ్లకూడదు."

అంతే. భయపెట్టాలని అనలేదు, ఊరడించాలనీ అనలేదు. రోగికి డాక్టరు చెప్పినట్టు చెప్పింది. తన మీద కేసు నడుపుతున్న మనిషి అన్న సంగతే ఆ నిమిషంలో ఆమెకు గుర్తు లేనట్టుంది.

బెర్మేహో కోటు లోపలి జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. బల్ల మీద పెట్టాక కూడా కాసేపు దాని మీద నుంచి వేలు తియ్యలేదు.

"డాక్టర్ల గేటు దగ్గర కార్ల పుస్తకం. మంగళవారం పేజీ. ఎనిమిది రోజులుగా నా జేబులోనే ఉంది."

కారింగ్ విప్పింది. మొంతెసా కారు: లోపలికి ఒంటిగంటా ఇరవై ఒకటి, బయటికి రెండూ తొమ్మిది. గేటు నుంచి హాలుకి పదహారు నిమిషాలు. రెండూ ఇరవై అయిదుకి హాలు, రెండున్నరకి ఫొటో. అతుకు ఎక్కడా కనిపించడం లేదు.

"రేపు తొమ్మిదింటికి ఇది ప్రాసిక్యూటర్ బల్ల మీద ఉండాలి. పెట్టేది నువ్వే అయ్యుండాలి," అంది కారింగ్.

"పెడతాను."

"ఫొటో కూడా దిగుదువుగాని, పరవాలేదు."

అతను నవ్వలేదు. జెర్లిన్‌నే చూస్తున్నాడు. బొంగురు గొంతులోకి ఇదివరకెప్పుడూ లేని మెత్తదనం వచ్చింది.

"అమ్మా, శుక్రవారం పొద్దున నువ్వు నా తల దగ్గరుంటావా?"

"నేను లోపలికి రాలేను సర్," అంది జెర్లిన్. "నన్ను గేటు దాటనివ్వొద్దన్న ఉత్తర్వు మీద సంతకం మీదే."

మేజర్ నార్సిసో బెర్మేహో గేటు వైపు ఒకసారి చూశాడు. తర్వాత జేబులో పెన్ను వెతుక్కోవడం మొదలుపెట్టాడు.